వియ్యాలవారితో ఫ్లాండర్స్ నుంచి సోమ్ దాకా

మా అమ్మాయి అత్తమామలు మెల్‌బోర్న్‌లో ఉంటారు. మామగారు ఆస్ట్రేలియా మనిషి, బల్లరాట్ దగ్గర పుట్టి పెరిగారు. అత్తగారిది న్యూజిలాండ్‌లోని డునెడిన్. మన పద్ధతిలో నేను ఆయన్ని అన్నయ్యగారూ అనీ, ఆవిణ్ణి వదినగారూ అనీ పిలుస్తాను. వాళ్ళకీ అది అలవాటైపోయి, ఆవిడ నన్ను "వదినా" అనే అంటారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ రెండు ఇళ్ళ నుంచీ మనుషులు వెళ్ళారు. అన్నయ్యగారి తాతగారి తమ్ముడు ఫ్రాన్స్‌లో చనిపోయాడు. ఎక్కడ పూడ్చారో ఈ రోజుకీ తెలియదు. వదినగారి తాతగారు అదే ఫ్రాన్స్‌లో పోరాడి, క్షేమంగా ఇల్లు చేరి, మనవరాలిని ఎత్తుకునేదాకా బతికారు. ఈ ఏప్రిల్‌లో ఆ ఇద్దరూ తిరిగిన చోట్లు చూడాలని బయల్దేరుతూ మమ్మల్నీ రమ్మన్నారు. మావారు రాజమండ్రిలో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. దారిలో నవ్ షాపెల్ అనే ఊళ్ళో భారత సైనికుల స్మారకం ఉంది, అక్కడ ఆగితే చాలు వస్తానన్నారు. అల్లుడు కారు నడిపాడు, అమ్మాయి ఫైలు పట్టుకుంది. సర్వీసు నంబర్లు, మ్యాపులు, ఏ గోడ మీద ఏ పలకలో ఏ పేరుందో, అన్నీ ఆ ఫైల్లోనే.

ఏప్రిల్ 20, ఈప్ర

బ్రస్సెల్స్‌లో దిగి మధ్యాహ్నానికల్లా బెల్జియం ఫ్లాండర్స్ ప్రాంతంలో ఉన్న ఈప్ర చేరాం. నడిబొడ్డున క్లాత్ హాల్ అనే పెద్ద బట్టల సంత భవనం, దాని గంట గోపురం చూస్తే వందల ఏళ్ళుగా అలాగే ఉన్నాయనిపిస్తుంది. నిజానికి నాలుగేళ్ళ యుద్ధంలో ఈ ఊరు నేలమట్టమైంది. వాళ్ళు పాత రూపంలోనే మళ్ళీ కట్టుకున్నారు. క్లాత్ హాల్ పని 1967 దాకా సాగింది.

రాత్రి ఎనిమిదికి మెనిన్ గేట్ అనే యుద్ధ స్మారక కమాను దగ్గర, చనిపోయిన సైనికులకు వీడ్కోలుగా బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే పాట ఊదుతారు. 1928 నుంచి ప్రతి రాత్రీ ఇదే. రెండో యుద్ధంలో ఊరు జర్మన్ల చేతిలో ఉన్నంతకాలం ఇంగ్లండ్‌లోని బ్రూక్‌వుడ్‌లో ఊదారు. 1944 సెప్టెంబర్ 6న పోలిష్ సైనికులు ఊరిని విడిపించిన సాయంత్రమే మళ్ళీ ఇక్కడ మొదలుపెట్టారు. ఎనిమిదవుతుండగా పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపేశారు. కమాను కింద జనం కిక్కిరిసి ఉన్నా చంటిపిల్లల గొంతు తప్ప ఏమీ వినిపించలేదు. బ్యూగిల్ ఆ రాతి కప్పు కింద మోగుతుంటే గోడల నిండా పేర్లే. శవం దొరకని వాళ్ళవి, 54,000కు పైగా.

వాటిలో మనవాళ్ళవీ నాలుగు వందలకు పైగా ఉన్నాయి. 1915 ఏప్రిల్ 22న ఈ ఊరి పక్కనే జర్మన్లు పెద్ద ఎత్తున విషవాయువు వదిలారు. నాలుగు రోజులకు లాహోర్ డివిజన్‌ను ఇక్కడికి నడిపించి ఎదురుదాడికి దింపారు. మాస్కులు లేని రోజులవి. తడిపిన గుడ్డ ముక్కు మీద కట్టుకుని వెళ్ళారు. మావారు ఆ పలకల ముందు చాలాసేపు నిలబడ్డారు.

వదినగారు వెతికినా న్యూజిలాండ్ పేర్లు కనబడవు. తమ సైనికులు ఎక్కడ పడిపోయారో ఆ చోట్లలోనే వాళ్ళ పేర్లు ఉండాలని ఆ దేశం అనుకుంది. "అందుకే మా వాళ్ళను చూడాలంటే ఊరూరూ తిరగాలి" అన్నారావిడ. అన్నయ్యగారు ఊరుకోలేదు: "మీవాళ్ళు ఎప్పుడూ అంతే, అందరితో కలిసి ఒక గోడ మీద సర్దుకోలేరు." ఆవిడ గేటు పక్కన ఉన్న సింహాల బొమ్మలు చూపించారు. ఊరి పాత కోట ద్వారం దగ్గర ఉండే అసలు రాతి సింహాలను 1936లో ఈప్ర వాళ్ళు ఆస్ట్రేలియాకు కానుకిచ్చారు. అవి కాన్‌బెర్రాలో యుద్ధ స్మారకం గుమ్మంలో ఉన్నాయి. "ఊరంతా కూలిపోయి మిగిలిందే రెండు సింహాలు. అవీ మీరే పట్టుకెళ్ళారు!" "ఇస్తే వద్దంటామా? 2017లో తెచ్చి చూపించి మరీ తీసుకెళ్ళాం!" ఇలా మాటా మాటా అనుకుంటూ హోటల్ దాకా నడిచారు.

ఏప్రిల్ 21, టైన్ కాట్, మెసీన్

ఈ రోజు ఎక్కువ రాయను. చూసింది తక్కువై కాదు, టైన్ కాట్ తర్వాత మిగతావేవీ సరిగా మనసుకెక్కలేదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల్లోకెల్లా పెద్దది ఇదే. దాదాపు 12,000 సమాధులు, వాటిలో 8,000కు పైగా పేరు తెలియనివి. వెనక గోడ మీద మరో 35,000 పేర్లు. మధ్యలో సిలువ నిలబెట్టిన దిమ్మె కింద జర్మన్ల కాంక్రీటు స్థావరం ఇప్పటికీ ఉంది. దాన్ని 1917 అక్టోబర్ 4న ఆస్ట్రేలియన్లు పట్టుకున్నారు. ఆ రోజు న్యూజిలాండ్ వాళ్ళూ పక్కనే పోరాడి గెలిచారు. తర్వాత వాన పట్టుకుంది. ఇక్కడి నేల బంకమట్టి, నీరు పోయే కాలువలన్నీ ఫిరంగి దెబ్బలకు ముందే పూడిపోయాయి. అక్టోబర్ 12న పాషన్‌డేల్ వైపు మళ్ళీ పంపితే, బురదలో ఫిరంగులు ముందుకు కదల్లేక, తెగని ముళ్ళకంచెల మీద పడి న్యూజిలాండ్ సైనికులు ఒక్క పూటలో ఎనిమిది వందలకు పైగా చనిపోయారు. ఆ దేశ చరిత్రలో అంతకన్నా చెడ్డ రోజు లేదంటారు. వదినగారు చెబుతుంటే అన్నయ్యగారు నోరు విప్పలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచారు.

మధ్యాహ్నం మెసీన్‌లో ఐర్లండ్ వాళ్ళు కట్టుకున్న గుండ్రటి రాతి గోపురం చూశాం. సొంత ఇంట్లో ఒకరినొకరు శత్రువులుగా చూసుకున్న రెండు వర్గాల ఐరిష్ సైనికులు 1917 జూన్‌లో ఇక్కడ పక్కపక్కన పోరాడారు. ఆ ఇద్దరికీ కలిపి ఒకే స్మారకం కట్టడానికి 1998 దాకా పట్టింది.

ఏప్రిల్ 22, నవ్ షాపెల్, ఫ్రొమెల్

సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి వచ్చాం. రెండు రోడ్లు కలిసే చోట, దుక్కి దున్నిన పొలాల మధ్య, తెల్లరాతి స్తంభం కనిపించగానే మావారు సీట్లో ముందుకు జరిగారు. పైన పద్మం, దాని మీద కిరీటం. స్తంభానికి రెండు పక్కలా కూర్చున్న పులులు. లోపల గుండ్రటి ఆవరణ. ఒకవైపు సాంచీ స్తూపం కంచెను తలపించే రాతి జాలీ, మరోవైపు పేర్ల గోడ. ఢిల్లీ సెక్రటేరియట్ కట్టిన హెర్బర్ట్ బేకరే దీన్నీ కట్టాడు. 1927లో ప్రారంభమైంది. సమాధి తెలియని 4,700 మందికి పైగా భారత సైనికులు, కూలీలు ఈ గోడ మీద ఉన్నారు. "దేవుడొక్కడే, విజయం ఆయనదే" అన్న మాటను స్తంభం మీద ఇంగ్లీషు, అరబిక్, హిందీ, గురుముఖిలో చెక్కారు.

1915 మార్చి 10 నుంచి 13 దాకా ఇక్కడ జరిగిన యుద్ధంలో దాడికి దిగిన సేనలో సగం దాకా మనవాళ్ళే. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబర్ సింగ్ నేగీకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. తుపాకీకి కత్తి బిగించి శత్రువుల కందకంలోకి దూకి, మలుపు తర్వాత మలుపు ఖాళీ చేయిస్తూ వెళ్ళి, అక్కడే ప్రాణం వదిలాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఉత్తరాఖండ్‌లోని చంబాలో ఏటా ఏప్రిల్‌లో ఆయన పేరిట మేళా జరుగుతుంది. మేం ఆ పేరు వెతికి పట్టుకున్నాం. రాయి చల్లగా ఉంది. అక్షరాల అంచులు ఇంకా వేలికి తగులుతున్నాయి.

అన్నయ్యగారు ఒక పలక ముందు ఆగి పేర్లు పైకి చదవడం మొదలుపెట్టారు. గురుంగ్, థాపా, రావత్, ఖాన్, సింగ్. ఏది ఎలా పలకాలో ప్రతిసారీ మావారిని అడిగి, సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ అని, తర్వాతి పేరుకు వెళ్ళారు. పలక అంతా చదివారు. నేను చూడని చుట్టానికి ఎవరో కర్మ చేస్తున్నట్టు అనిపించి కళ్ళు నిండాయి.

మన తెలుగువాళ్ళెందుకు కనబడరని అమ్మాయి అడిగింది. మావారు చెప్పారు: ఒకప్పుడు మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి బ్రిటిష్ అధికారులు యుద్ధజాతులు అని ఒక లెక్క కట్టి, దక్షిణాది వాళ్ళను తగ్గించి, పంజాబ్, గఢ్వాల్, నేపాల్ వైపు నుంచి తీసుకోవడం పెంచారు. ఇక్కడి గోడ ఆ లెక్కకు సాక్ష్యం. అయినా మన వైపు నుంచి ఏమీ రాలేదని కాదు. 1918లో ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీదికి బాంబులు వేయడానికి వెళ్ళిన 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విమానాలు కొనిచ్చింది నిజాం నవాబు. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఆ డబ్బు తెలంగాణ రైతు కట్టిన శిస్తులోంచే వచ్చి ఉంటుందని నాకనిపించింది.

అక్కడి నుంచి ఫ్రొమెల్ ఎంతో దూరం లేదు. 1916 జూలై 19 సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటి లోపల ఇక్కడ 5,533 మంది ఆస్ట్రేలియన్లు చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. అన్నయ్యగారి చినతాత వాళ్ళలో ఒకడు. వీసీ కార్నర్ అనే చోట విడి సమాధులే లేవు. గుర్తు తెలియని 410 మంది పచ్చిక కింద ఉన్నారు, చుట్టూ గులాబీలు, చివర ఒక గోడ. అమ్మాయి ఫైలు చూసి పలక చెప్పింది. పేరులోని ఒక అక్షరం మీద పాచి పట్టింది. అన్నయ్యగారు జేబురుమాలు తడిపి, గోటితో గీకకుండా, మెల్లగా రుద్ది శుభ్రం చేశారు. ఆ తర్వాతే ఫొటో తీయనిచ్చారు.

కొంచెం అవతల పొలంలో ఒక విగ్రహం ఉంది, ఒక సైనికుడు ఇంకొకణ్ణి భుజాన మోస్తూ. సైమన్ ఫ్రేజర్ అనే విక్టోరియా రైతు, దాడి ముగిశాక గాయపడ్డవాళ్ళను ఒక్కొక్కరినీ మోసుకొస్తుంటే, ఇంకెవరో "నన్ను మరిచిపోకు, నేస్తం" అని కేకేశాడని ఆయనే ఉత్తరంలో రాశాడు.

ఊళ్ళో ఉన్న ఫెజంట్ వుడ్ సమాధుల కథ వేరు. చనిపోయినవాళ్ళను జర్మన్లు అడవి అంచున గుంతల్లో పూడ్చారు. ఆ సంగతి దశాబ్దాల పాటు మరుగున పడింది. 2009లో తవ్వితే 250 మంది దొరికారు. వాళ్ళ కోసం కొత్త సమాధుల ఆవరణ కట్టి 2010లో ప్రారంభించారు. డీఎన్‌ఏ పరీక్షలతో 170 మందికి పైగా పేర్లు తేలాయి. పోల్చడానికి రెండు దారులున్నాయి: తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము, తల్లి నుంచి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా. రెండూ ఉంటే నిర్ధారణ గట్టిగా ఉంటుంది. తండ్రి వైపు నమూనా అన్నయ్యగారు ఎప్పుడో ఇచ్చారు. తల్లి వైపుది కావాలంటే చనిపోయినవాడి అక్కచెల్లెళ్ళ ఆడపిల్లల వరసలో ఎవరైనా ఉండాలి. ఉన్న ఒక్క అక్క పెళ్ళి చేసుకుని న్యూజిలాండ్ వెళ్ళిపోయింది. మా అమ్మాయి నెలల తరబడి పెళ్ళి రికార్డులు, ఓటరు జాబితాలు వెతికి, ఇన్వర్‌కార్గిల్‌లో ఆ అక్క మునిమనవరాలిని పట్టుకుంది. మెయిల్ పంపింది. మేం అక్కడికి వెళ్ళేనాటికి జవాబు లేదు.

"చూశారా వదినా, చివరికి మా దేశం రక్తమే కావాల్సి వచ్చింది" అన్నారు వదినగారు. అన్నయ్యగారు ఆ రోజంతా మొదటిసారి నవ్వారు.

ఏప్రిల్ 23, అరాస్, విమీ

ఇది వదినగారి రోజు. అరాస్ పట్టణం కింద మధ్యయుగంలో సుద్దరాయి తవ్విన గనులున్నాయి. 1916లో వచ్చిన న్యూజిలాండ్ టన్నెలింగ్ కంపెనీ ఆ గనులన్నిటినీ సొరంగాలతో కలిపింది. ఎక్కువమంది ఆ దేశపు బంగారు గనుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్ళు. మావోరీలూ ఉన్నారు. దారి తప్పకుండా ఒక్కో గనికి తమ ఊళ్ళ పేర్లు వరసగా పెట్టుకున్నారు: ఆక్లండ్, వెల్లింగ్టన్, నెల్సన్, క్రైస్ట్‌చర్చ్, డునెడిన్, అట్టడుగున బ్లఫ్. కింద 24,000 మంది దాకా దాక్కోవడానికి చోటు, కరెంటు దీపాలు, వంటశాలలు, ఆసుపత్రి. 1917 ఏప్రిల్ 9 పొద్దున్న ఐదున్నరకు అక్కడి నుంచే బయటికొచ్చి దాడి చేశారు.

ఇప్పుడు వెల్లింగ్టన్ గనిలోకి లిఫ్టులో దింపుతారు. హెల్మెట్ పెడతారు. కింద చలి, సుద్ద వాసన. గోడల మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మలు, పేర్లు అలాగే ఉన్నాయి. తమ ఊరి పేరు వినిపించగానే వదినగారు చిన్నపిల్లలా గైడు వెంటపడ్డారు. "సిడ్నీ ఎక్కడుంది?" అని అన్నయ్యగారు అమాయకంగా అడిగితే "తవ్వినవాళ్ళ ఊళ్ళే పెట్టారు" అని జవాబిచ్చారు.

అదే రోజు, అదే గంటలో, ఉత్తరాన విమీ గుట్ట మీదికి కెనడా వాళ్ళు ఎక్కారు. వాళ్ళ నాలుగు డివిజన్లూ కలిసి పోరాడింది మొదటిసారి అక్కడే. 3,598 మంది చనిపోయారు. గుట్ట మీద జంట తెల్ల స్తంభాలు, తలవంచుకుని కింది మైదానంలోకి చూసే ఒక తల్లి విగ్రహం. పేలని గుండ్లు ఇంకా నేలలో ఉన్నాయని చాలా చోట్ల కంచె వేసి, గడ్డి కోయడానికి గొర్రెలను వదిలారు. గైడు కెనడా నుంచి వచ్చిన కాలేజీ కుర్రాడు. మేం ఎవరెవరమో విని, "ఆస్ట్రేలియా వాళ్ళు సోమ్‌లో ఉన్నారు కదా, ఇక్కడికి రావడానికి దారి దొరకలేదా?" అని అడిగి, వెంటనే తమ దేశపు అలవాటు ప్రకారం సారీ చెప్పాడు.

ఏప్రిల్ 24, సోమ్

ఉత్తర ఫ్రాన్స్‌లో సోమ్ నది ప్రాంతం ఇది. పొద్దున్న ల హామెల్ అనే ఊరు. ఆస్ట్రేలియా సేనాపతి జాన్ మొనాష్ 1918 జూలై 4న ఇక్కడ చేసిన దాడి మీద మావారికి ఎప్పటి నుంచో ఆసక్తి. టాంకులు, ఫిరంగులు, విమానాలు, పదాతి దళం అన్నిటినీ గడియారం పెట్టుకుని నడిపాడు. విమానాల నుంచి పారాచూట్లతో తూటాలు దింపాడు. తొంభై నిమిషాల్లో ముగించాలనుకున్నది తొంభై మూడు నిమిషాల్లో ముగిసింది. ఇల్లినాయ్ నుంచి వచ్చిన అమెరికన్ దళాలు అందులో కలిశాయి. వాళ్ళ స్వాతంత్ర్య దినమని ఆ తేదీ ఎంచుకున్నాడు.

రాత్రి దిగిన ఇంటిని యార్క్‌షైర్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంగ్లీషు దంపతులు నడుపుతున్నారు. ఒకే పొడవాటి బల్ల మీద అందరికీ భోజనం. షికాగో నుంచి వచ్చిన ఒకాయన, న్యూఫౌండ్‌లండ్ నుంచి ఒక పెద్దావిడ, మేము. ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయేది ఈ భోజనమే.

ఇంటాయన మొదలుపెట్టారు, అమెరికన్‌తో: "మేం 1914లో వచ్చాం, మీరు 1917లో. దారిలో ట్రాఫిక్కా?" అమెరికన్ తొణకలేదు: "మీరు నాలుగేళ్ళు చేశారు, మేం వచ్చాక ముగిసింది. మళ్ళీ చెప్పమంటారా?" హామెల్‌లో ఆ మూడు నిమిషాల ఆలస్యం అమెరికన్ల వల్లేనని అన్నయ్యగారు తేల్చారు. ఆస్ట్రేలియన్లు ఎవరికీ సెల్యూట్ కొట్టేవాళ్ళు కాదని ఇంటాయన అన్నారు. వదినగారు అందుకున్నారు: ఆస్ట్రేలియా రాజ్యాంగ చట్టంలో రాష్ట్రాలెవరో చెప్పే చోట న్యూజిలాండ్ పేరు ఇప్పటికీ ఉంది, 1900 నుంచి కుర్చీ ఖాళీగా ఉంచి ఎదురుచూస్తున్నారు పాపం అని. ఫార్ ల్యాప్ అనే రేసు గుర్రం కథా వచ్చింది. పుట్టింది న్యూజిలాండ్‌లో, గెలిచింది ఆస్ట్రేలియాలో. చచ్చాక చర్మం మెల్‌బోర్న్‌కు, ఎముకలు వెల్లింగ్టన్‌కు, గుండె కాన్‌బెర్రాకు పంచుకున్నారు.

క్రికెట్ రాకుండా ఎలా ఉంటుంది? 1981 ఫిబ్రవరి 1న న్యూజిలాండ్‌కు ఆఖరి బంతికి సిక్స్ కొడితే టై. గ్రెగ్ చాపెల్ తమ్ముడు ట్రెవర్ చేత బంతిని నేల మీద దొర్లించాడు. వదినగారు ఆ బంతి గురించి చెబుతుంటే నిన్ననే జరిగిందేమో అనిపించింది. ఇంటాయన సానుభూతి చూపించబోతే, 2019 ఫైనల్లో బౌండరీల లెక్కతో కప్పు పట్టుకెళ్ళినవాళ్ళు మాట్లాడకూడదని ఆయన నోరూ మూయించారు. అప్పటిదాకా మావారు నిశ్శబ్దంగా తింటున్నారు. అన్నయ్యగారు ఆయన వైపు తిరిగి "మీరేమీ అనరేం?" అన్నారు. మావారు ఒక్క మాటన్నారు: "281." కోల్‌కతా, 2001, మన హైదరాబాదీ లక్ష్మణ్. వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాను ఫాలో ఆన్ నుంచి ఓడించిన ఇన్నింగ్స్. అన్నయ్యగారు ఫోర్కు కింద పెట్టి దండం పెట్టారు. ఇంగ్లీషాయనైతే లేచి వచ్చి మావారికి చెయ్యి ఇచ్చారు.

ఎవరో న్యూఫౌండ్‌లండ్ ఆవిడను కెనడా అనేశారు. 1949 దాకా తాము కెనడానే కాదని ఆవిడ నవ్వుతూనే దిద్దారు. తర్వాత ఎందుకొచ్చారో చెప్పారు. 1916 జూలై 1న బోమాన్ హామెల్‌లో వాళ్ళ రెజిమెంట్ ఎనిమిది వందల మంది దాకా కందకం దాటారు. మర్నాడు హాజరు పిలిస్తే పలికింది 68 మంది. ఆ తేదీ దేశానికంతటికీ కెనడా డే. వాళ్ళ దగ్గర మాత్రం పొద్దున్న జెండా సగానికి దించి, ఆ తర్వాతే పండగ. ఆవిడ వాళ్ళ ఊళ్ళో ఆ రెజిమెంటుకు వెళ్ళి రానివాళ్ళ పేర్లు చెబుతుంటే బల్ల చుట్టూ ఎవ్వరూ కదల్లేదు. అంతసేపూ ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డ మనుషులకు ఎక్కడ ఆపాలో చెప్పకుండానే తెలుసు. ఒకరి చావును ఇంకొకరు వేళాకోళంలోకి ఎన్నడూ లాగరు. అది దగ్గరివాళ్ళ మధ్యనే సాధ్యమని నా నమ్మకం.

ఆ నిశ్శబ్దాన్ని తీసేసింది ఇంటావిడ. లోపలి నుంచి పావ్లోవా తెచ్చారు. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి కాల్చి, పైన మీగడ, పళ్ళు వేసే తీపి. ఎవరు కనిపెట్టారని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా వాళ్ళలా ఎప్పటి నుంచో వాదించుకుంటున్నారు. ఆస్ట్రేలియాలో ప్యాషన్ ఫ్రూట్ వేస్తారు, న్యూజిలాండ్‌లో కివీ పండు. ఆవిడ రెండూ కాకుండా స్ట్రాబెర్రీలు వేశారు. పక్షపాతం లేకుండా ఉండాలని.

ఏప్రిల్ 25, విలేర్ బ్రెతొనో

తెల్లవారుజామున ఐదున్నరకు మొదలయ్యే ఆన్‌జాక్ (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సేనల ఉమ్మడి పేరు) సంస్మరణకు అర్ధరాత్రి దాటాక లేచి బస్సెక్కాం. ఎముకలు కొరికే చలి. దుప్పట్లు కప్పుకున్న వేలమంది, కోటుకు కుడివైపు పాత పతకాలు. తన సొంత పతకమైతే ఎడమవైపు, తాతముత్తాతలదైతే కుడివైపు పెట్టుకుంటారు. అన్నయ్యగారిది ఒకవైపు, వదినగారిది ఒకవైపు వేలాడుతుంటే మధ్యలో నేను కూర్చున్నాను.

1918 ఏప్రిల్ 24న జర్మన్లు ఈ ఊరు పట్టుకున్నారు. అదే రాత్రి ఆస్ట్రేలియన్లు, బ్రిటిష్ వాళ్ళు కలిసి ఎదురుదాడి చేసి మర్నాటికి తిరిగి తీసుకున్నారు. గుట్ట మీది స్మారకంలో సమాధి తెలియని ఆస్ట్రేలియన్ల పేర్లు 10,700కు పైగా ఉన్నాయి. కట్టింది లట్యెన్స్. ఇండియా గేట్, ఢిల్లీలో నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్ కూడా ఆయనవే. 1938 జూలైలో ప్రారంభించారు, ఏడాది తిరిగి రెండు నెలలు కాకముందే మళ్ళీ యుద్ధం. 1940 నాటి తూటాల గుర్తులు రాతి మీద ఉన్నాయి.

తర్వాత ఊళ్ళోకి వెళ్ళాం. ఇక్కడి బడి కూలిపోతే విక్టోరియా రాష్ట్రపు పిల్లలు పెన్నీలు పోగేసి పంపించారు. 1927లో మళ్ళీ తెరిచారు. ఆవరణలో పైకప్పు కింద "ఆస్ట్రేలియాను మరవొద్దు" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. 2009లో విక్టోరియాలో కార్చిచ్చుకు స్ట్రాతువెన్ అనే ఊరి బడి కాలిపోతే, ఈ ఊరు చందాలేసి పంపింది. ఇది చెబుతున్నప్పుడు అన్నయ్యగారి గొంతు వణికింది.

ఊరి బయట అడిలైడ్ సిమెట్రీలో ఒక సమాధి రాయి మీద, ఇందులో ఉన్న పేరు తెలియని సైనికుణ్ణి 1993లో ఇక్కడి నుంచి తీసుకెళ్ళారని రాసి ఉంది. ఆయన ఇప్పుడు కాన్‌బెర్రాలో అజ్ఞాత సైనికుడి సమాధిలో ఉన్నాడు. విమీ దగ్గర నుంచి ఒకరిని కెనడా 2000లో, సోమ్ నుంచి ఒకరిని న్యూజిలాండ్ 2004లో అలాగే ఇంటికి తీసుకెళ్ళాయి. మావారు నవ్ షాపెల్ గోడ గురించి మళ్ళీ మాట్లాడారు. వాళ్ళ పేర్లు, రెజిమెంట్లు, చాలామందికి తండ్రి పేరు, ఊరి పేరు కూడా కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మన బళ్ళలో పిల్లల చేత ఒక్క పలకైనా చదివించాలని ఆయన కోరిక. నాదీ అదే.

ఏప్రిల్ 26, ల కెన్వా

బెల్జియం సరిహద్దు దగ్గర, చుట్టూ ఎత్తైన కోటగోడలున్న చిన్న ఊరు. నాలుగేళ్ళు జర్మన్ల కింద ఉంది. 1918 నవంబర్ 4న న్యూజిలాండ్ వాళ్ళు ఫిరంగులతో ఊరిని కొడితే లోపలి జనం చస్తారని, నిచ్చెన వేసి గోడ ఎక్కారు. మొదట ఎక్కింది లెస్లీ అవెరిల్ అనే యువ అధికారి. తర్వాత డాక్టరయ్యారు. ఆ దాడిలో ఊరివాళ్ళు ఒక్కరూ చనిపోలేదు. ఇంకో వారానికి యుద్ధమే అయిపోయింది. ఆ వారం చూడని న్యూజిలాండ్ కుర్రాళ్ళు పక్కనే సమాధుల్లో ఉన్నారు.

వదినగారి తాతగారు రైఫిల్ బ్రిగేడ్‌లో ఆ రోజు ఇక్కడే ఉన్నారు. ఆయన ఫొటో ఒకటి ఆవిడ పర్సులో ఉంటుంది, వెనక పెన్సిల్‌తో ఊరి పేరు. అందులో వెనకాల ఇటుకల గోడ, ఒక వంపు. గోడ వెంట నడుస్తూ ఫొటో చూస్తూ ఆగుతూ ఆ వంపు పట్టుకున్నాం. అల్లుడు అదే చోట తల్లిని నిలబెట్టి ఫొటో తీశాడు. గోడలోనే నిచ్చెన ఎక్కుతున్న సైనికుల శిల్పం ఉంది. ఊళ్ళో 2023లో తెరిచిన తె అరాఫాటా అనే న్యూజిలాండ్ మ్యూజియం చూశాం.

మ్యూజియం మెట్ల మీద ఉండగా అమ్మాయి ఫోన్ మోగింది. ఇన్వర్‌కార్గిల్ నుంచి. మునిమనవరాలు, డెబ్బై దాటినావిడ. మెయిల్ ఆలస్యంగా చూశారట. వాళ్ళ అమ్మమ్మ ఏటా జూలైలో తన మేనమామ పేరు చెప్పి దీపం పెట్టేదట. నమూనా తప్పకుండా ఇస్తాను, కిట్ పంపమనండి అన్నారు. అమ్మాయి స్పీకర్ పెట్టింది. ఒక్క షరతు అన్నారావిడ: ఆ కుర్రాడు దొరికితే, కనిపెట్టింది న్యూజిలాండ్ అని మీ ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. వదినగారు భర్త వైపు చూశారు.

"రాసిస్తాను" అన్నారు అన్నయ్యగారు. "సంతకం పెట్టి మరీ ఇస్తాను. ముందు కిట్ పంపిద్దాం."